టొరెంట్ స్లో అని గొడవపడే కుర్రాడు నెట్‌వర్కింగ్‌లోకి వెళ్లొచ్చా?

ప్రశ్న: మాది విజయవాడ సత్యనారాయణపురం. అబ్బాయి ఈసీఈ మూడో సంవత్సరం. రాత్రయితే టొరెంట్ (ఫైళ్లని ముక్కలుగా ఇతరుల కంప్యూటర్ల నుంచి దించుకునే పద్ధతట) స్పీడ్ పడిపోతోందని నెట్ కనెక్షన్ ఆఫీసుకి ఫోన్ చేసి గొడవ. యూట్యూబ్ బాగానే వస్తోంది, టొరెంట్‌నే కావాలని తొక్కేస్తున్నారంటాడు. ఇప్పుడేమో సాఫ్ట్‌వేర్ వద్దు, నెట్‌వర్కింగే చేస్తానంటున్నాడు. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు తొంభై వేలు అడుగుతున్నారు. కట్టమంటారా?

జవాబు: ఇప్పుడే కట్టకండి సార్. అలాగని టెన్షన్ కూడా పడకండి. మీవాడు ఫోన్లో అరుస్తున్న విషయం మీరనుకునేంత చిల్లర విషయం కాదు.

మీ వీధికి లైను లాగిన ఆపరేటర్‌కి పైన ఒక ఐఎస్‌పీ, అంటే ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ, ఉంటుంది. అది హైదరాబాద్‌లోనో చెన్నైలోనో ఇంకా పెద్ద కంపెనీ దగ్గర బ్యాండ్‌విడ్త్ (డేటా మోసే సామర్థ్యం) కొంటుంది. దాన్నే ట్రాన్సిట్ అంటారు. దీని బిల్లు చాలాచోట్ల ఎలా వేస్తారంటే, నెల పొడుగునా ఐదు నిమిషాలకోసారి ట్రాఫిక్ కొలిచి, అన్నిటికన్నా ఎక్కువగా ఉన్న 5 శాతం రీడింగులు కొట్టేసి, మిగిలినవాటిలో పెద్దది ఏదైతే అదే లెక్క. ముప్ఫై రోజుల నెలలో 36 గంటల రద్దీ మాఫీ అన్నమాట. కానీ ఊరంతా రోజూ రాత్రి ఎనిమిది నుంచి పదకొండు దాకా నెట్ మీదే కూర్చుంటే అది 90 గంటలు, ఇక మాఫీ ఎక్కడ సరిపోతుంది? అందుకే ఆ మూడు గంటల్లో ఏది తగ్గినా కంపెనీకి మిగులే.

పీరింగ్ అనేది ఈ ఖర్చు తగ్గించుకునే దారి. రెండు నెట్‌వర్కులు మధ్యలో మూడోవాడికి కట్టకుండా తమ కస్టమర్ల ట్రాఫిక్ నేరుగా ఇచ్చిపుచ్చుకుంటాయి. మన దేశంలో ట్రాఫిక్ విదేశాలు తిరిగి రాకుండా ఇక్కడే మారాలని 2003లో నిక్సీ అనే ఎక్స్ఛేంజ్ (నెట్‌వర్కులన్నీ ఒకచోట కలిసే కూడలి) పెట్టింది అందుకే. పీరింగ్ ఫ్రీ అని పుస్తకాల్లో రాస్తారుగానీ ఎక్స్ఛేంజ్ దాకా ఫైబర్, అక్కడ పోర్టు అద్దె, రూటర్, ఇవన్నీ ఎవరు పెట్టుకుంటారు? గూగుల్, నెట్‌ఫ్లిక్స్ లాంటివాళ్లు తమ సర్వర్లనే ఐఎస్‌పీల నెట్‌వర్క్ లోపల పెడతారు, యూట్యూబ్ రాత్రిపూట కూడా ఆగకపోవడం వెనక చాలావరకు అదే ఉంటుంది. టొరెంట్‌కి ఆ సుఖం లేదు. ముక్కలు ఏ దేశం నుంచైనా రావొచ్చు, పైగా మీ ఇంటి నుంచి అప్‌లోడ్ కూడా జరుగుతుంది.

మీవాడికి ఒక పేరు చెప్పండి, రాబ్ టొపోల్స్కీ. అమెరికాలో 2007లో కామ్‌కాస్ట్ అనే పెద్ద ఐఎస్‌పీ కనెక్షన్ మీద కాపీరైట్ తీరిపోయిన పాత పాటలు టొరెంట్‌లో పంచుతుంటే అప్‌లోడ్ ముందుకు కదల్లేదు. ఆయన ప్యాకెట్లు (నెట్‌లో డేటా వెళ్లే చిన్న ముక్కలు) పట్టి చూస్తే, అవతలివాడే కనెక్షన్ తెంచుకున్నట్టు మధ్యలో ఎవరో దొంగ రీసెట్ ప్యాకెట్లు పంపుతున్నారు! తర్వాత అసోసియేటెడ్ ప్రెస్ కూడా పరీక్షించి అదే తేల్చింది, 2008లో అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఆ పద్ధతి మానమని కామ్‌కాస్ట్‌ని ఆదేశించింది. (2010లో కోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది, అది వేరే కథ.) మన దగ్గర 2018లో కేంద్రం నెట్ న్యూట్రాలిటీ (నెట్‌లో అన్ని రకాల ట్రాఫిక్‌నీ సమానంగా చూడాలనే) సూత్రాలకు ఒప్పుకుంది. కంటెంట్‌ని బట్టి తొక్కకూడదు, కానీ సహేతుకమైన ట్రాఫిక్ మేనేజ్‌మెంట్ చేసుకోవచ్చు. ఈ రెండో ముక్క దగ్గరే వాదనలన్నీ.

నేను చూసేది ఒక్కటే, మీవాడు అరిచి ఊరుకునే రకమా, కొలిచే రకమా? ఈ వారం ఒక పని చేయమనండి. ఉబుంటు అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఫైలు ఒకటి (కొత్త సినిమా కాదు, అది కాపీరైట్ కేసు) టొరెంట్‌లో తెల్లవారుజామున ఒకసారి, రాత్రి తొమ్మిదింటికి ఒకసారి దించాలి. అదే ఫైలు మామూలు బ్రౌజర్‌లో కూడా దించాలి, ఆ తర్వాత వీపీఎన్ (ఏ రకం ట్రాఫిక్కో ఐఎస్‌పీకి కనబడకుండా దాచే దారి) పెట్టి మళ్లీ టొరెంట్‌లో. రాత్రి అన్నీ స్లో అయితే ఐఎస్‌పీ పైకి వెళ్లే లింకు నిండిపోయి ఉండొచ్చు. టొరెంట్ ఒక్కటే స్లో అయి, వీపీఎన్‌లో లేచి కూర్చుంటే అప్పుడు అనుమానపడొచ్చు. రోజంతా ఒకేలా నత్తనడకైతే చాలామంది చూడని సంగతి ఇంకోటుంది: ఐపీ అడ్రసులు చాలక ఎన్నో ఇళ్లకు ఒకే పబ్లిక్ అడ్రసు పంచే సీజీ-నాట్. దాని వెనక ఉంటే బయటివాళ్లు మీ కంప్యూటర్‌కి నేరుగా కనెక్ట్ కాలేరు, ఎవరూ తొక్కకపోయినా టొరెంట్ డీలా పడుతుంది. రూటర్‌లో కనిపించే వ్యాన్ ఐపీ (బయటి లైను వైపు అడ్రసు) 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే దాదాపు అదే.

ఇదంతా చేసి నోట్‌బుక్‌లో అంకెలతో మీ ముందు పెట్టాడనుకోండి, ఈ ఫీల్డ్‌కి పనికొస్తాడు. రెండో రోజుకే విసుగొస్తే తొంభై వేలు మిగిలాయనుకోండి.

పనికొచ్చే రకమైతే సీసీఎన్ఏ (సిస్కో కంపెనీ ఇచ్చే నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్) సిలబస్, ఆ తర్వాత బీజీపీ (నెట్‌వర్కులు ఒకదానికొకటి దారులు చెప్పుకునే పద్ధతి). కంప్యూటర్లోనే నెట్‌వర్క్ కట్టి చూసే జీఎన్ఎస్3, ప్యాకెట్లు పట్టి చూసే వైర్‌షార్క్ రెండూ ఫ్రీనే, ఇంట్లో లాప్‌టాప్ చాలు. చిన్న ఐఎస్‌పీల్లో మైక్రోటిక్ అనే కంపెనీ రూటర్లు ఎక్కువ, అదీ చేత్తో పట్టుకుని నేర్చుకోవాలి. పైథాన్ వదలొద్దు, ఇప్పుడు స్క్రిప్టు రాయలేని నెట్‌వర్క్ ఇంజనీర్‌కి ఎదుగుదల కష్టం. క్యాంపస్ ఇంటర్వ్యూలకి సాఫ్ట్‌వేర్ కంపెనీలొచ్చినా కూర్చోమనండి, అందులో పరువు తక్కువేం లేదు. చేదు సంగతి కూడా వినండి. మొదటి ఉద్యోగం ఎక్కువగా నాక్‌లోనే (నెట్‌వర్క్‌ని రాత్రీపగలూ కనిపెట్టుకుని ఉండే గది), అంటే నైట్ షిఫ్టు, స్క్రీన్ మీద ఎర్ర అలారాలు, ఫోన్లో మీవాడి లాంటి కస్టమర్లు. పెద్ద ఉద్యోగాలు విజయవాడలో తక్కువ, హైదరాబాదో బెంగళూరో వెళ్లాల్సిందే. కానీ ఏ లింకు కొనాలి, ఎవరితో పీరింగ్ పెట్టుకోవాలి అని తేల్చే స్థాయికి వెళ్తే, ఆ మనిషి మాట కంపెనీ లాభనష్టాల మీద నేరుగా పడుతుంది. అలాంటివాళ్లు కొద్దిమందే ఉంటారు.

వేసవి సెలవుల్లో జీతం అడక్కుండా ఆ నెట్ ఆఫీసులోనే ఒక నెల కూర్చోబెట్టమని మీరే వెళ్లి అడగండి. ఇన్నాళ్లు గొడవపడ్డాడు కాబట్టి ముందు ఆ ఆపరేటర్‌కి సారీ చెప్పించండి, లేకపోతే లోపలికి రానివ్వడు.