డాక్టర్ సలహా: నాకు లో బీపీ అన్నారు... భయపడాలా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, గాజువాక. నా వయసు 36, బరువు 46 కిలోలు. మా అపార్ట్‌మెంట్‌లో హెల్త్ క్యాంపు పెడితే చూపించుకున్నాను. బీపీ 92/58 ఉంది, లో బీపీ అన్నారు. కింద కూర్చుని లేస్తే ఒక్కోసారి కళ్లు బైర్లు కమ్ముతాయి, మెట్లెక్కితే ఆయాసం, ఎప్పుడూ నీరసం. నెలసరి ఏడెనిమిది రోజులు ఉంటుంది, మొదటి మూడు రోజులు బాగా ఎక్కువ. మరీ నీరసంగా ఉంటే మా వీధిలో ఒకాయన దగ్గర సెలైన్ పెట్టించుకుంటాను, ఆ రోజుకి బాగుంటుంది. ఉప్పు ఎక్కువ తినమని ఒకరు, కాఫీ తాగమని ఒకరు చెబుతున్నారు. లో బీపీ ఉంటే నిద్రలో గుండె ఆగిపోతుందంటారు, నిజమేనా? మా మామగారికి 71 ఏళ్లు, హై బీపీ, షుగర్ ఉన్నాయి. ఈమధ్య రాత్రిపూట బాత్రూమ్‌కి లేచి రెండుసార్లు పడిపోయారు. మిషన్‌లో చూస్తే 140 ఉంది కాబట్టి ఆయనకి లో బీపీ లేదనుకుంటున్నాం. - ఒక పాఠకురాలు

జవాబు: మీరు అడిగింది మీ గురించే అయినా నేను మీ మామగారి దగ్గర మొదలుపెడతాను. మీ ఇంట్లో ఈ వారంలోనే డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిన మనిషి ముందు ఆయన. డెబ్భై దాటిన పెద్దాయన రాత్రిపూట రెండుసార్లు పడ్డారంటే కాలు జారింది, చూపు ఆనలేదు అని సర్దిచెప్పుకోకండి, మూడోసారి పడితే తుంటి ఎముక విరగొచ్చు, తలకి దెబ్బ తగిలి లోపల రక్తం గడ్డకట్టొచ్చు. 140 ఉంది కదా అన్నారు, ఆ 140 చూసింది ఆయన కుర్చీలో కూర్చుని ఉండగా అయ్యుంటుంది. పడింది మంచం మీద నుంచి లేచాక. లేచి నిలబడ్డాక ఎంత ఉంటోందో ఇంతవరకూ ఎవరూ చూసినట్టు లేదు.

పడుకున్న మనిషి లేచి నిలబడగానే అర లీటరు పైనే రక్తం పొట్టలోకీ కాళ్లలోకీ దిగిపోతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో క్షణాల్లో రక్తనాళాలు బిగుసుకుని, గుండె కొంచెం వేగంగా కొట్టుకుని బీపీ పడకుండా నిలబెడతాయి, మనకి తెలియను కూడా తెలియదు. వయసు మీద పడ్డవాళ్లలో, ఏళ్ల తరబడి షుగర్ ఉండి నరాలు దెబ్బతిన్నవాళ్లలో ఈ సర్దుబాటు ఆలస్యమవుతుంది, ఒక్కోసారి సరిగా జరగనే జరగదు. దానికి తోడు మాత్రలు. బీపీ మాత్రలు సరే, మూత్రం ఎక్కువ పోయేలా చేసే నీటి మాత్రలు, షుగర్‌కి ఇచ్చే డపాగ్లిఫ్లోజిన్ లాంటివి, ప్రోస్టేట్‌కి వాడే టామ్సులోసిన్, గుండెనొప్పికి ఇచ్చే నైట్రేట్లు, నిద్రకీ డిప్రెషన్‌కీ వాడే కొన్ని మందులు కూడా నిలబడ్డప్పుడు బీపీని దించుతాయి. బీపీకి ఒక డాక్టరు, షుగర్‌కి ఇంకొకరు, యూరిన్ ఇబ్బందికి మరొకరు రాస్తారు, ఆ మూడు చీటీలూ పక్కపక్కన పెట్టి చూసేవాళ్లు మాత్రం ఉండరు, నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

ఇంట్లో మిషన్ ఉందన్నారు కాబట్టి ఈ పని చేయండి. పొద్దున్నే ఆయన్ని మంచం మీద వెల్లకిలా ఐదు నిమిషాలు కదలకుండా పడుకోబెట్టి బీపీ చూసి రాసుకోండి. చేతికి కట్టిన పట్టీ తీయకుండానే లేపి నిలబెట్టి, ఒక నిమిషానికి ఒకసారి, మూడో నిమిషానికి ఇంకోసారి చూడండి. ఆయన వెనక మంచం, పక్కన పట్టుకోవడానికి ఒక మనిషి తప్పకుండా ఉండాలి, కళ్లు తిరుగుతున్నాయి అన్నారంటే పరీక్ష అక్కడే ఆపేసి కూర్చోబెట్టేయండి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ తగ్గితే నిలబడ్డప్పుడు బీపీ పడిపోతోందని అర్థం. పడుకున్నప్పుడు 150 ఉన్నాసరే, హై బీపీ ఉన్న మనిషికి కూడా ఇది వస్తుంది. ఒకవేళ అంత తగ్గకపోయినా డాక్టర్ దగ్గరికి వెళ్లడం మానకండి, గుండె లయ తప్పినా, గుండె కవాటం సన్నబడినా, రాత్రిళ్లు షుగర్ 70 కంటే కిందికి పడిపోయినా ఇలాగే పడతారు, ఈసీజీ తీయాలి, రక్తపరీక్షలు చేయాలి.

ఈలోగా ఆయన మాత్రలు మీరే ఆపేయకండి, కొన్ని ఉన్నట్టుండి ఆపితే బీపీ, గుండె వేగం ఒక్కసారిగా పెరిగిపోతాయి. రాత్రి మెలకువ వచ్చాక ముందు మంచం మీదే లేచి కూర్చుని, కాళ్లు కిందికి వేసి, పాదాలు పైకీ కిందికీ ఆడిస్తూ రెండు మూడు నిమిషాలు ఆగాలి. మూత్రానికి కూర్చునే వెళ్లాలి, సగం నిద్రలో నిలబడి వెళ్లేటప్పుడే చాలామంది మగవాళ్లు పడిపోతారు. బాత్రూమ్ దారిలో లైటు వెలుగుతూ ఉండనివ్వండి, లోపల గడియ పెట్టుకోవద్దని చెప్పండి. కోడలు చెబితే ఆయనకి మొహమాటంగా ఉంటుందేమో, మీ వారితో చెప్పించండి.

ఇక మీ సంగతి. 90/60 కంటే తక్కువ ఉంటే లో బీపీ అంటాం, మీకు ఒక అంకె పైనే ఉంది, ఒకటి కాస్త కింద ఉంది. 46 కిలోల మనిషికి, అందులోనూ ఆడవాళ్లకి ఇది మామూలుగా కనిపించే బీపీయే, దీనివల్ల నిద్రలో గుండె ఆగిపోదు, ఆ భయం పూర్తిగా తీసేయండి. ఎప్పుడూ తొంభైల్లోనే ఉండి, హాయిగా పని చేసుకునేవాళ్లకి మందే అక్కర్లేదు. ఎప్పుడూ 130 ఉండే మనిషికి ఇవాళ 95 వచ్చిందంటే మాత్రం నేను కంగారుపడతాను. అంకె ఎంత అన్నదానికంటే మనిషికి అలవాటైన దాని నుంచి ఎంత మారింది, ఎంత తొందరగా మారింది అన్నదే చూస్తాం.

పైగా ఆ క్యాంపులో ఎలా చూశారో కూడా ఆలోచించండి. సన్నటి చేతికి పెద్ద పట్టీ కడితే బీపీ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది, చేతిని గుండె ఎత్తు కంటే పైకి పెట్టినా తక్కువే వస్తుంది. క్యాంపుల్లో అందరికీ ఒకే పట్టీ, చీర కొంగు మీదే కట్టేయడం, వెనక క్యూ. మీ చేతికి సరిపడే పట్టీతో, ఐదు నిమిషాలు ఊరికే కూర్చున్నాక, వేర్వేరు రోజుల్లో చూపించుకోండి.

అంకె సంగతి పక్కన పెడితే, మీరు చెప్పిన నీరసం, ఆయాసం, కళ్లు బైర్లు కమ్మడం మాత్రం నిజమైన ఇబ్బందులే. వాటి కారణం బహుశా మీ ఉత్తరంలోనే ఉంది, ఏడెనిమిది రోజుల నెలసరి. లో బీపీ, రక్తం తక్కువగా ఉండటం ఒకటేనని మన దగ్గర చాలామంది అనుకుంటారు, రెండూ వేరు, బీపీ 120 ఉన్నా హిమోగ్లోబిన్ 7 ఉండొచ్చు. మీకు చూడాల్సింది హిమోగ్లోబిన్, గర్భం లేని ఆడవాళ్లకి అది 12 కంటే తగ్గకూడదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో సగానికి పైగా ఆడవాళ్లకి రక్తహీనత ఉన్నట్టు తేలింది, అయినా ఇంట్లో అందరి పనీ అయ్యాక మిగిలిన నీరసం కదా అని ఎవరూ పరీక్షే చేయించుకోరు. సీబీపీ (రక్తకణాల లెక్క), ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), థైరాయిడ్, బీ12 పరీక్షలు చేయించండి, గర్భాశయంలో గడ్డలేమైనా ఉన్నాయా అని గైనకాలజిస్టు స్కానింగ్ రాస్తారు. డబ్బులకి ఇబ్బందైతే అర్బన్ హెల్త్ సెంటర్‌కో, విశాఖలోని ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కో వెళ్లండి, వెళ్లడం మాత్రం వాయిదా వేయకండి. ఐరన్ మాత్ర ఇస్తే టీ కాఫీలకి ముందూ వెనకా కనీసం గంట తేడా ఉంచాలి, నిమ్మరసంతో వేసుకుంటే బాగా ఒంటబడుతుంది.

సెలైన్ గురించి గట్టిగానే చెబుతాను, ఏమీ అనుకోకండి. అర లీటరు సెలైన్ బాటిల్‌లో ఉండేది నీళ్లు, నాలుగున్నర గ్రాముల ఉప్పు, అంతే. గ్లూకోజ్ బాటిల్ అయితే 25 గ్రాముల చక్కెర, ఆ శక్తి రెండు ఇడ్లీలు తింటే వస్తుంది. ఐరన్ లేదు, రక్తం లేదు, బలం లేదు. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరంతా పోయి, నోటితో ఏదీ నిలవనప్పుడు అదే సెలైన్ ప్రాణం కాపాడుతుంది, కాదనను. ఊరికే నీరసానికి పెట్టించుకుంటే ఆ రోజు కాసేపు తేలికగా ఉంటుంది, అసలు జబ్బు లోపల పెరుగుతూనే ఉంటుంది. సూది గుచ్చిన చోట చీము పట్టడం, చలిజ్వరం రావడం వేరే.

ఉప్పు ఎక్కువ తినమనడం కొందరు లో బీపీ రోగులకి డాక్టర్లు చెప్పే మాటే, అది పరీక్షలు చేసి మనిషిని బట్టి చెప్పేది. మీ కోసం కూరలో ఉప్పు పెంచారనుకోండి, అదే కూర హై బీపీ ఉన్న మీ మామగారి కంచంలోకీ వెళ్తుంది. ఆ పని చేయకండి. కాఫీతో కాసేపు బీపీ పెరుగుతుంది, అన్నం తిన్న వెంటనే తాగితే మాత్రం తిండిలోని ఐరన్‌ని ఒంటబట్టనివ్వదు, మీకు అది అసలే వద్దు. దానికి బదులు నీళ్లు తాగండి. మన విశాఖలో గాల్లో తేమ ఎక్కువ, ఎండాకాలం చెమట ఆరదు, కారిపోతూనే ఉంటుంది, ఎంత నీరు, ఎంత ఉప్పు పోతోందో తెలియదు. మూత్రం ముదురు పసుపు రంగులో వస్తోందంటే తాగింది సరిపోలేదన్నమాట. పొద్దున్నే చోడి (రాగి) అంబలి, మధ్యాహ్నం మజ్జిగ తాగే అలవాటు మన ఉత్తరాంధ్రలో ఎప్పటినుంచో ఉంది, దాన్ని వదలకండి. ఎండలో తిరిగొచ్చినా, విరేచనాలైనా ఓఆర్ఎస్ తాగండి, ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉందో లేదో చూసి, లీటరు ప్యాకెట్‌ని లీటరు నీళ్లలోనే కలపండి, పండ్ల రుచితో అట్టపెట్టెల్లో అమ్మే తీపి డ్రింకులు దానికి సాటి రావు.

ఉపవాసం ఉండి సింహాచలం చందనోత్సవం క్యూలో గంటల తరబడి నిలబడటం, నీళ్లు తాగకుండా 32 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణకి బయల్దేరడం లాంటివి మీలాంటివాళ్లు చేయకూడదు. వెళ్లండి, ఏదైనా తిని, సీసాలో నీళ్లు పట్టుకుని వెళ్లండి. నిలబడి ఉండగా చెమటలు పట్టి, చెవుల్లో హోరు మొదలై, చూపు మసకబారుతోందంటే ఇంకో నిమిషంలో పడిపోతారని గుర్తు. సిగ్గుపడకుండా అక్కడే కూర్చోండి, వీలైతే పడుకుని కాళ్లు ఎత్తి పెట్టుకోండి. కూర్చునే చోటు లేకపోతే కాళ్లు ఒకదాని మీద ఒకటి కత్తెరలా వేసి, తొడలు, పిరుదులు గట్టిగా బిగించి, పిడికిళ్లు బిగించండి, బీపీ కాస్త పైకి లేస్తుంది, చోటు వెతుక్కునేంత వ్యవధి దొరుకుతుంది. ఎవరైనా పడిపోతే చుట్టూ మూగి లేపి కూర్చోబెట్టకండి, నోట్లో నీళ్లు పోయకండి, వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పట్టుకోండి. గర్భిణి అయితే ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టండి.

ఇప్పుడు చెప్పేవి మీకైనా, మీ మామగారికైనా, ఇంట్లో ఎవరికైనా వర్తిస్తాయి, ఇవి కనిపిస్తే మిషన్ వెతకడం, సెలైన్ పెట్టేవాళ్లని పిలవడం మానేసి 108కి ఫోన్ చేయండి. ఛాతీలో నొప్పి లేదా బరువు, ఊపిరి అందకపోవడం, చేతులు కాళ్లు చల్లబడి చెమటలు పట్టడం, నాడి సన్నగా వేగంగా కొట్టుకోవడం, మాట తడబడటం, మనిషి మగతగా అయిపోవడం లేదా ఏదేదో మాట్లాడటం. పొద్దున్నుంచి మూత్రమే రాకపోవడం కూడా. మలం నల్లగా, జిగటగా, భరించలేని వాసనతో వస్తే కడుపులో రక్తస్రావం అవుతోందని అనుమానించాలి, మోకాళ్ల నొప్పులకి మందుల షాపులో అడిగి మాత్రలు కొనుక్కుని మింగే పెద్దవాళ్లలో ఇది ఎక్కువ. ఐరన్ మాత్రలకి కూడా మలం నల్లబడుతుంది, దానికి ఆ జిగట, ఆ వాసన ఉండవు. పెళ్లైన ఆడవాళ్లకి నెలసరి తప్పి, పొత్తికడుపులో ఒక పక్క నొప్పితో కళ్లు తిరిగి పడిపోతే ఒక్క గంట కూడా ఆగకూడదు, గర్భం ట్యూబులో నిలిచి అది పగిలి ఉండొచ్చు.

వానాకాలం వచ్చిందంటే మన ఊళ్లో డెంగీ భయం ఉంటుంది కాబట్టి ఇదొకటి గుర్తుపెట్టుకోండి. డెంగీలో బీపీ పడిపోయేది జ్వరం మండిపోతున్నప్పుడు కాదు, నాలుగో రోజో ఐదో రోజో జ్వరం తగ్గి, హమ్మయ్య అనుకున్నాక. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మనిషి చల్లబడటం కనిపిస్తే, లేదా బీపీలో పై అంకెకీ కింది అంకెకీ మధ్య తేడా 20కి వచ్చేస్తే, ఉదాహరణకి 100/80, పై అంకె వంద ఉంది కదా అని ఇంట్లో ఉండిపోకండి.

బరువు తగ్గిపోతూ, చర్మం, చిగుళ్లు నల్లబడుతూ, ఉప్పు తినాలని విపరీతంగా అనిపిస్తూ బీపీ తక్కువగా ఉంటే మూత్రపిండాల మీద ఉండే ఎడ్రినల్ గ్రంథుల్ని పరీక్షించాలి, మన దేశంలో టీబీ వల్ల కూడా అవి దెబ్బతింటాయి. మీరు రాసినదాంట్లో అలాంటివేవీ లేవు.

మామగారిని తీసుకెళ్లేటప్పుడు ఆయన వాడే మందులన్నీ, ఆయుర్వేదం, నిద్రమాత్ర, నొప్పి మాత్ర సహా, ఖాళీ స్ట్రిప్పులైనా సరే ఒక కవర్లో వేసి పట్టుకెళ్లండి, పడుకుని చూసిన బీపీ, నిలబడి చూసిన బీపీ రాసిన కాగితం కూడా అందులో పెట్టండి. అదే రోజు మీ రక్తపరీక్షకి కూడా ఇచ్చేసి రండి.