మసక ఫోటోని వదిలెయ్యకు, అమ్మలూ

అమ్మలూ,

నువ్వు బెంగళూరు ఉద్యోగం మానేసి, మన ఊళ్ల వైపు షుగర్ ఉన్నవాళ్ల కళ్లు ఏఐతో పరీక్ష చేయిస్తానంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చిన్నప్పుడు నా టార్చి లాక్కుని కుక్కపిల్ల కళ్లలోకి వేసి, "మామయ్యా, లోపల దీపం ఉంది" అన్నదానివి. ఇరవయ్యారేళ్లు క్యాంపుల్లో కంటి ఫోటోలు తీస్తూ నేను చేసిన పనిలోకే వస్తున్నావంటే సంతోషమే. భయమూ ఉంది.

తెలిసిన సంగతులు ముందు చెప్పేస్తాను. కెమెరా లెన్స్ రోజూ తుడువు. కరెంటు పోతే నడిచేలా బ్యాటరీ పెట్టుకో. కంటిపాప పెద్దదయ్యే మందు చుక్కలు వేశాక ఇరవై నిమిషాలైనా ఆగు. చుక్కలు వేసుకున్నవాళ్లని బండి నడుపుకుంటూ ఇంటికి పోనివ్వకు.

యంత్రం మీద నాకు అనుమానం లేదు. 2016లో గూగుల్ వాళ్లు బయటపెట్టిన పనిలో 1,28,000కి పైగా రెటీనా ఫోటోలు, అంటే కంటి వెనక పొర ఫోటోలు, యంత్రానికి చూపించి నేర్పారు. ఒక్కో ఫోటోని 3 నుంచి 7 సార్లు డాక్టర్ల చేత చూపించారు. మదురై అరవింద్, చెన్నై శంకర నేత్రాలయ ఫోటోలూ అందులో ఉన్నాయి. షుగర్ దెబ్బకి రెటీనా మీద వచ్చే సూదిమొనంత ఎర్ర చుక్కని సాయంత్రానికి అలిసిపోయిన నా కళ్లు దాటేసేవి. దానికి అలసట లేదు.

నా భయమల్లా అది చదవలేని ఫోటో గురించే.

2009లో ఒక క్యాంపులో, బడి వరండాలో కెమెరా పెట్టాం. మిరపకాయల కోతలకి పోయే ఒకామె ఆ రోజు కూలి వదులుకుని వచ్చింది. అరవై దాటి ఉంటాయి. వేళ్లకి ఇంకా మిరప ఘాటు ఉందని, కళ్లకి తగలకుండా చేతులు వెనక్కి పెట్టుకుని కూర్చుంది. కుడి కన్ను ఫోటో శుభ్రంగా వచ్చింది. ఎడమ కంట్లో శుక్లం మొదలైంది. ఫోటో కింది సగం పాలు ఒలికినట్టు తెల్లగా వచ్చింది. రెండుసార్లు తీశాను. వెనక నలభై మంది వరసలో ఉన్నారు, వ్యాను ఐదింటికి కదలాలి. రిజిస్టర్‌లో కుడి కంటికి 'నార్మల్' అని రాసి, ఎడమ కంటికి ఒక గీత పెట్టాను. మళ్లీ రమ్మని చెబుదామనుకునేలోపు ఎవరో పిలిచారు. మర్చిపోయాను. కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు ఆ గీత ఖాళీ అయింది. ఖాళీ ఉన్నచోటల్లా 'నార్మల్' పడింది.

పది నెలల తర్వాత మనవడి భుజం పట్టుకుని వచ్చింది. ఎడమ కంట్లో రక్తం నిండిపోయి, వెనక రెటీనా ఊడిపోయింది. ఆపరేషన్ చేసినా చూపు రాలేదు. మడతలు చిరిగిన మా చీటీని కొంగుముడి విప్పి తీసింది. "బాగున్నాయని రాసిచ్చారు కదయ్యా, అందుకే రాలేదు" అంది. కోపంగా అనలేదు. ఆ చీటీ ఇంకా పనికొస్తుందేమోనని అడిగినట్టు అంది. అప్పుడే లేజర్ చేయించి ఉంటే ఆగేదేమో. ఆ గీత పెట్టింది నా చెయ్యే అమ్మలూ.

థాయ్‌లాండ్ క్లినిక్కుల సంగతి 2020లో బయటికొచ్చింది, చదివావా? గూగుల్ యంత్రానికి ఇచ్చిన 1,838 ఫోటోల్లో 21 శాతం పనికిరావని తిరిగొచ్చాయి. చాలా చోట్ల చీకటి గది లేకపోవడమే కారణం. అది చదువుతుంటే నాకు మా బడి వరండాయే గుర్తొచ్చింది.

అందుకని కిటికీలకి నల్లగుడ్డ కట్టించు. 'చదవలేదు' అని వచ్చినవాళ్లకి వేరే రంగు చీటీ ఇచ్చి, డాక్టర్ దగ్గరికి పంపు. బస్సు ఛార్జీ కూడా నువ్వే లెక్కలో వేసుకో. ఒక కంటి గడి ఖాళీగా ఉంటే మీ సాఫ్ట్‌వేర్ ముందుకి కదలకూడదు. టైం వేస్ట్ అని మీ వాళ్లు అంటారు, వినకు. ఇంకోటి, షుగర్ మచ్చలు మాత్రమే నేర్చిన యంత్రం కంటి నరం దెబ్బతినే గ్లకోమా జబ్బు గురించి నోరెత్తదు. చీటీలో 'కళ్లు బాగున్నాయి' అని రాశావో, ఊరుకోను. 'షుగర్ వల్ల దెబ్బ కనిపించలేదు, ఏడాదికి మళ్లీ రండి' అని రాయి.

అంత జీతం వదిలేశావని తిడదామనే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. చెయ్యి రాలేదు. వేళకి అన్నం తింటున్నావా?

మొదటి క్యాంపు తేదీ రాయి. నల్లగుడ్డ ట్రంకుపెట్టెలో ఇంకా ఉంది, తెస్తాను. చీటీలు రాసే బల్ల దగ్గర నన్ను కూర్చోనివ్వు.

మామయ్య