డాక్టర్ సలహా: నాలుగో నెల గర్భవతిని.. ఇంట్లో కుక్కను ఉంచుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 31 ఏళ్లు. ఇప్పుడు నాలుగో నెల. మాకు అయిదేళ్ల బాబు ఉన్నాడు. మూడేళ్లుగా ఇంట్లో లాబ్రడార్ కుక్కను పెంచుతున్నాం, పేరు రాకీ. బాబంటే దానికి ప్రాణం. రాత్రి వాడి మంచం పక్కనే పడుకుంటుంది, మొహమంతా నాకేస్తుంది. కుక్క వెంట్రుకలు కడుపులోకి వెళ్తే పుట్టబోయే బిడ్డకు మంచిది కాదని, దాన్ని ఎవరికైనా ఇచ్చేయమని మా అత్తగారు అంటున్నారు. దీనికి తోడు నాలుగు రోజుల క్రితం బాబు బంతి లాక్కోబోతే రాకీ పన్ను వాడి ముంజేతికి గీరుకుంది. రక్తం రాలేదు, ఎర్రటి చార పడింది. యాంటీసెప్టిక్ రాసి ఊరుకున్నాం. రాకీకి టీకాలు వేయించాం కాబట్టి ఇంజెక్షన్ అక్కర్లేదని మావారు అంటున్నారు. రోజూ దాన్ని వాకింగ్‌కు తీసుకెళ్లేది మా మామగారు. ఆయనకు 68 ఏళ్లు, షుగర్ ఉంది. నాకు ఒకటే టెన్షన్‌గా ఉంది. రాకీని పంపించేయాల్సిందేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: రాకీని పంపించేయాల్సిన అవసరం నాకు కనిపించడం లేదు. కానీ మీ ఇంట్లో అందరూ వెంట్రుకల గురించే మాట్లాడుకుంటున్నారు. నిజంగా పట్టించుకోవాల్సిన చారను మాత్రం రక్తం రాలేదు కదా అని వదిలేశారు. అందుకే ముందు బాబు చేతి సంగతి చెబుతాను.

రక్తం రానంత మాత్రాన చర్మం తెగలేదని అనుకోకూడదు. ఇలాంటి పిల్లల చేతిని టార్చి వెలుగులో భూతద్దం పెట్టి చూస్తుంటాను. పైకి ఉత్త ఎర్ర గీతలా ఉన్నచోట చర్మం పైపొర సన్నగా లేచిపోయి ఉంటుంది. ఒక్కోసారి మధ్యలో గుండుసూది మొనంత తడి మెరుస్తుంటుంది. రేబిస్ వైరస్ జబ్బుపడిన కుక్క చొంగలో ఉంటుంది. లోపలికి పోవడానికి దానికి ఆ పాటి దారి చాలు.

కుక్క పన్ను గానీ గోరు గానీ తగిలిన వెంటనే చేయాల్సిన పని ఒక్కటే. ధారగా పడే నీళ్ల కింద ఆ చోటును సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. గడియారం చూసుకుంటూ కడగండి, లేకపోతే రెండు నిమిషాలకే చాలనిపిస్తుంది. రేబిస్ వైరస్ చుట్టూ కొవ్వు పొర ఉంటుంది. సబ్బు ఆ పొరను కరిగించేస్తుంది, పొర పోతే వైరస్ పనిచేయదు. యాంటీసెప్టిక్ ఆ తర్వాతి మాట. మీరు దాన్ని రాశారు, కడిగిన విషయం మాత్రం ఉత్తరంలో ఎక్కడా లేదు. ఇంట్లో ఉన్నదేదో గాయం మీద పూసి గుడ్డ కట్టేయడం కూడా మంచిది కాదు.

ఇక ఇంజెక్షన్ అవసరమా అన్నది. కుక్కకు రేబిస్ ఉందేమో అన్న అనుమానం ఉన్నప్పుడు డాక్టర్లు గాయాన్ని బట్టి నిర్ణయం తీసుకుంటారు. చెక్కుచెదరని చర్మాన్ని నాకితే కడుక్కుంటే సరిపోతుంది. రక్తం రాకుండా గీరుకుంటే టీకా వేస్తారు. పన్ను దిగి రక్తం వచ్చినా, పుండు మీదో నోట్లోనో కంట్లోనో చొంగ పడినా టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యూనోగ్లోబ్యులిన్ కూడా ఎక్కిస్తారు. టీకా వల్ల శరీరంలో రక్షణ తయారవడానికి కొన్ని రోజులు పడుతుంది, ఆలోగా కాపాడేది ఈ ఇమ్యూనోగ్లోబ్యులినే. మీ బాబుది రెండో రకం గాయం.

అయితే రాకీ ఇంటి కుక్క, టీకాలు పడ్డ కుక్క. ఇది మంచి విషయమే. కానీ టీకాలు వేయించాం అన్న మాట డాక్టర్‌కు చాలదు. చివరి డోసు ఎప్పుడు వేశారు, మళ్లీ వేయాల్సిన తేదీ దాటిపోయిందా అన్నది రాకీ టీకా కార్డు చూస్తేనే తెలుస్తుంది. మూడేళ్ల క్రితం కూనగా ఉన్నప్పుడు ఒక్కసారి వేయించి ఆ తర్వాత మర్చిపోయిన ఇళ్లు నాకు చాలా తెలుసు. రెండోది, ఆ రోజు నుంచి 10 రోజులు రాకీని కనిపెట్టి ఉండాలి. కుక్క చొంగలోకి రేబిస్ వైరస్ వచ్చేది జబ్బు బయటపడడానికి కొద్ది రోజుల ముందే. కాబట్టి గీరిన రోజున దాని చొంగలో వైరస్ ఉండి ఉంటే ఈ 10 రోజుల్లోపు అది జబ్బుపడుతుంది. మామూలుగా తింటూ, తాగుతూ, ఆడుతూ ఉందంటే ఆ చార వల్ల రేబిస్ భయం లేనట్టే. అంతవరకు ఆగాలా, టీకా మొదలుపెట్టి 10 రోజుల తర్వాత ఆపేయాలా అన్నది చెయ్యి చూసిన డాక్టర్ చెప్పాలి. మీరూ మీవారూ ఇంట్లో తేల్చుకునే విషయం కాదిది, ఈ శీర్షికలో నా జవాబు కోసం ఎదురుచూసే విషయం అసలే కాదు. ఈపాటికి వెళ్లి ఉంటే సరే, లేకపోతే ఈరోజే వెళ్లండి. ఆలస్యమైంది, ఇప్పుడు వేయించి ఏం లాభం అనుకోవద్దు. కరిచిన జంతువుకు రేబిస్ లేదని తేలనంత వరకు, వారాలు గడిచినా టీకా వేయించుకోవాల్సిందే. బాబు ధనుర్వాతం టీకా కూడా సరిచూసుకోవచ్చు.

ఈ 10 రోజుల లెక్క కళ్లెదుట ఉండే కుక్కకే వర్తిస్తుంది. కరిచి పారిపోయిన కుక్క విషయంలో ఒక్క రోజు కూడా ఆగకూడదు. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు పొడుస్తారన్న భయం ఇంకా చాలామందిలో ఉంది. అవి ఎప్పటివో పాత టీకాలు. ఇప్పుడు భుజానికి వేస్తారు, చిన్నపిల్లలకు తొడకు వేస్తారు, డోసులు కూడా నాలుగైదుకు మించవు. ఈ టీకా గర్భిణులకు కూడా సురక్షితమే. మీకే ఏదైనా కాటు పడితే కడుపులో బిడ్డ ఉందని వెనకాడొద్దు.

నేను ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. రేబిస్ లక్షణాలు ఒకసారి మొదలైతే బతికినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. అదే వేళకు వైద్యం అందితే దాదాపు అందరినీ కాపాడుకోవచ్చు. లూయీ పాశ్చర్ 1885లో మొదటిసారి ఈ టీకా వేసింది జోసెఫ్ మీస్టర్ అనే తొమ్మిదేళ్ల పిల్లాడికి. ఇన్నేళ్ల తర్వాత కూడా రేబిస్‌కు బలవుతున్నవాళ్లలో పిల్లలు చాలామందే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం మృతుల్లో దాదాపు 40 శాతం 15 ఏళ్లలోపు వాళ్లు. పిల్లలు పొట్టిగా ఉంటారు కాబట్టి కాటు మొహం మీదో మెడ మీదో పడుతుంది, అక్కడి నుంచి మెదడుకు దూరం తక్కువ. ఇంకో సంగతి, తిడతారని చెప్పరు. మీ బాబును దగ్గర కూర్చోబెట్టుకుని, రాకీ గానీ బయటి కుక్క గానీ గీరినా కరిచినా అమ్మకు చెబితే ఎవరూ తిట్టరని, రాకీని కూడా కొట్టరని చెప్పండి. రెండో మాట మర్చిపోవద్దు. కుక్కను కొడతారేమోనని దాచిపెట్టే పిల్లలు ఉంటారు.

ఇప్పుడు మీ అత్తగారి భయం గురించి. పొరపాటున వెంట్రుక కడుపులోకి పోతే అరగకుండా విరేచనంలో బయటికి వచ్చేస్తుంది. బిడ్డ ఉండేది గర్భసంచిలో, తిన్నది వెళ్లేది జీర్ణాశయంలోకి. ఆ రెంటికీ దారి లేదు. గర్భిణులకు ముప్పు తెచ్చే టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి పెంపుడు జంతువుల ద్వారా వస్తుందని ఆమె ఎక్కడో విని ఉండొచ్చు. అది పిల్లి విసర్జన నుంచి, సరిగా ఉడకని మాంసం నుంచి వచ్చేది. ఆ జీవి గుడ్లు కుక్క పేగుల్లో తయారుకావు. ఈ విషయం మీ అత్తగారికి మీరే నెమ్మదిగా చెప్పండి. ఆమె అడిగింది మీ బిడ్డ మీద ప్రేమతోనే.

కానీ కుక్క మలం విషయంలో ఆమె జాగ్రత్తపడమంటే నేను ఆమె పక్షమే. కుక్కల్లో ఉండే ఏలికపాముల గుడ్లు మలంతో బయటికి వస్తాయి. వచ్చిన రోజే అవి హాని చేయవు, లోపల పిల్ల పురుగు తయారవడానికి ఒకటి నుంచి నాలుగు వారాలు పడుతుంది. కాబట్టి మలాన్ని ఏ రోజుకారోజు ఎత్తేసే ఇంట్లో బెడద చాలా తక్కువ. వదిలేస్తే ఆ గుడ్లు మట్టిలో కలిసి నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి ఉంటాయి. పిల్లలు ఆ మట్టిలో ఆడి వేళ్లు నోట్లో పెట్టుకుంటారు. పురుగు పిల్లలు పేగు గోడ దాటి కాలేయానికో ఊపిరితిత్తులకో చేరతాయి. అరుదుగా కంట్లోకి వెళ్లి ఆ కంటి చూపును దెబ్బతీస్తాయి. రాకీకి వెట్ డాక్టర్ చెప్పిన మోతాదులో, మూడు నెలలకోసారి నులిపురుగుల మందు వేయించండి. మలం ఎత్తే పని ఈ అయిదారు నెలలు మీవారికి అప్పజెప్పండి. తప్పనిసరై మీరే తీయాల్సి వస్తే గ్లోవ్స్ వేసుకుని, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోండి. బాబు మొహాన్ని నాకనివ్వడం మాన్పించండి. నాకితే పెద్ద జబ్బులు వచ్చేస్తాయని కాదు, కుక్క నోరు ఎక్కడెక్కడ తిరిగి వస్తుందో మీకు తెలుసు.

మీ ఉత్తరంలో ఒక్క వాక్యంలో తేల్చేసిన మామగారి గురించి నాకు ఎక్కువ ఆందోళనగా ఉంది. నిరుడు ఒక పెద్దాయన ఉంగరపు వేలు వాచిపోయి నా దగ్గరికి వచ్చారు. కుక్క బెల్టును పట్టు తప్పకుండా అరచేతికి రెండు చుట్లు చుట్టుకుని నడుస్తున్నారట. ఎదురుగా ఇంకో కుక్క కనిపించేసరికి ఈయన కుక్క ఒక్క ఉదుటున దూకింది. వేలి ఎముక మెలితిరిగి విరిగింది. ఆయన కింద పడకపోవడం అదృష్టం, పడి ఉంటే తుంటి ఎముక సంగతి మాట్లాడుకోవాల్సి వచ్చేది. ఎదిగిన లాబ్రడార్ దాదాపు 30 కిలోలు ఉంటుంది. మీ మామగారు బెల్టును వేళ్లకు, మణికట్టుకు చుట్టుకోకుండా, పిడిని గుప్పిట్లో పట్టుకోవాలి. మరీ గట్టిగా లాగితే వదిలేయగలిగేలా ఉండాలి. పొడవు పెంచుకునే సన్నతాడు బెల్టులు ఆయనకు వద్దు. జారని బూట్లు వేసుకోవాలి. రాకీ ఇంకా లాగుతుంటే ఆ పని మీవారు చూసుకుని, మామగారు విడిగా నడవడం మంచిది.

షుగర్ ఉన్నవాళ్లకు ఇంకో ముప్పు పాదాల దగ్గర ఉంటుంది. కొన్నేళ్లుగా షుగర్ ఉంటే పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. పగిలిన మడమను కుక్క నాకుతున్నా తెలియదు. కుక్క నాకితే పుండు మానుతుందన్న నమ్మకం ఒకటి ఉంది, దయచేసి నమ్మకండి. కుక్క నోట్లోని బ్యాక్టీరియాలో కొన్ని 24 గంటలు తిరక్కుండానే చర్మాన్ని ఎర్రగా వాచిపోయేలా చేస్తాయి. షుగర్, కాలేయ జబ్బు ఉన్నవాళ్లలో, ప్లీహం (స్ప్లీన్) తీసేసినవాళ్లలో ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకే ప్రమాదం ఎక్కువ. ఆయన పాదాలను రోజూ రాత్రి వెలుగులో చూడండి. పగుళ్లుంటే సాక్సులు వేసుకోమనండి. గీరుకున్న చోట వేడిగా ఉండి ఎరుపు పాకుతున్నా, జ్వరం వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి.

మీ విషయంలో నాకున్న భయం పడిపోవడం గురించే. నెలలు నిండేకొద్దీ నడకలో బ్యాలెన్స్ మారుతుంది. రాకీ మీదికి దూకకుండా ఇప్పటి నుంచే నేర్పించండి, మెట్ల మీద మీ కాళ్ల మధ్యకు రానివ్వకండి. ముందు ముందు పొట్టకు గట్టిగా తగిలినా, మీరు పడిపోయినా, నొప్పి, రక్తస్రావం, నీరు పోవడం, బిడ్డ కదలిక తగ్గడం వంటివి లేకపోయినా సరే డాక్టర్‌కు చూపించుకోవాలి. మీ ఐరన్ మాత్రలు రాకీకి అందని ఎత్తులో పెట్టండి. కొరికి తింటే కుక్క ప్రాణం మీదికి వస్తుంది. పారాసెటమాల్, ఇబుప్రోఫెన్ కూడా అంతే. దానికి జ్వరం అనిపిస్తే మన మాత్ర సగం తుంచి వేయడం లాంటివి చేయొద్దు.

ఇంట్లో ఎవరికైనా తుమ్ములు, ఆయాసం ఉంటే అలర్జీ పరీక్ష చేయించుకోవచ్చు. అలర్జీ తెచ్చేది వెంట్రుక కాదు, చొంగలో, చర్మపు పొట్టులో ఉండే ప్రొటీన్లు. పిడుదు కనిపిస్తే కాల్చకుండా, నూనె పోయకుండా, సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని తిన్నగా పైకి లాగండి.

రాకీ పడక మార్చే పని మాత్రం ఈ వారమే మొదలుపెట్టండి. బిడ్డను ఇంటికి తెచ్చిన రోజున దాన్ని గదిలోంచి గెంటేస్తే ఆ మార్పు కొత్తగా వచ్చిన బిడ్డ వల్లే అని దానికి అర్థమవుతుంది. ఇప్పుడే హాల్లో ఒక మూల దాని పరుపు వేసి, అక్కడ పడుకున్నప్పుడల్లా మెచ్చుకోండి. అది తింటున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు, నోట్లో బంతి ఉన్నప్పుడు జోలికి వెళ్లకూడదని బాబుకు నేర్పండి. ఆ రోజు జరిగింది అదే కదా. అది గుర్రుమంటే కొట్టకండి, బాబును పక్కకు తీసుకోండి. గుర్రుమనడం దాని హెచ్చరిక. కొట్టి మాన్పిస్తే రేపు హెచ్చరించకుండానే కరుస్తుంది. బిడ్డ పుట్టాక, రాకీ ఎంత మంచిదైనా, ఫోన్ తీసుకోవడానికి పక్క గదిలోకి వెళ్తున్నా సరే, ఇద్దరిలో ఒకరిని వెంట తీసుకెళ్లండి.

కారణం లేకుండా మీదపడి రక్తం వచ్చేలా కరిస్తే మాత్రం నాకు మళ్లీ రాయండి, అప్పుడు నా జవాబు వేరుగా ఉంటుంది. ప్రస్తుతానికి బాబునూ, రాకీ టీకా కార్డునూ తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి.