ఒపేరా, మ్యూజికల్: తేడా ఎక్కడుంది?

ప్రశ్న: లండన్‌లో ‘లే మిజరాబ్’ చూశాం. మొదటి నుంచి చివరి దాకా దాదాపు అంతా పాటే. అయినా దాన్ని మ్యూజికల్ అంటున్నారు. అంతా పాడితే ఒపేరా, మధ్యలో మాట్లాడితే మ్యూజికల్ అని కదా విన్నాం?
– పాఠకురాలు, విజయవాడ

జవాబు: చాలామంది అలాగే చెబుతారు కానీ, ఆ లెక్క నిలవదు. మొజార్ట్ ‘మేజిక్ ఫ్లూట్’ (1791)లో పాటకూ పాటకూ మధ్య పాత్రలు మామూలుగా మాట్లాడుకుంటాయి. బిజే ‘కార్మెన్’ 1875లో పారిస్‌లో తొలిసారి ఆడినప్పుడూ మాటలున్నాయి. రెండూ ఒపేరాలే. ఆడిన చోటును బట్టి తేల్చుదామన్నా కుదరదు. గెర్ష్విన్ ఒపేరా ‘పోర్గీ అండ్ బెస్’ 1935లో మ్యూజికల్స్‌కు పేరుబడ్డ న్యూయార్క్ నాటకశాలల వీధి బ్రాడ్‌వేలోనే ఆడింది.

అసలు తేడా గొంతులో ఉంది. ఒపేరా గాయకులకు మామూలుగా మైకు ఉండదు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరాలో దాదాపు 3,800 సీట్లు. వేదిక ముందు గుంటలో అరవై డెబ్భై వాద్యాలు మోగుతుంటే, ఒక్క గొంతు చివరి వరుస దాకా వినబడాలి. అరిస్తే వినబడదు, గొంతు పాడవుతుంది. వాద్యాల మోత 500 హెర్ట్జ్ (సెకనుకు ఇన్ని కంపనాలని చెప్పే కొలత, అంకె పెరిగేకొద్దీ ధ్వని పైస్థాయి) చుట్టుపక్కల ఎక్కువ, పైకి పోయేకొద్దీ పలచబడుతుంది. తర్ఫీదు పొందిన గాయకుడు స్వరపేటికను కిందికి దించి, దాని పైభాగాన్ని బిగించి, 3,000 హెర్ట్జ్ దగ్గర గొంతుకు పదును తెస్తాడు. వాద్యాలు పలచబడిన ఆ సందులోంచి గొంతు బయటికొస్తుంది. ఏళ్ల తరబడి సాధన చేసేది దీనికోసమే.

ఇందులో దెబ్బతినేది మాట. సోప్రానో (అన్నిటికన్నా పైస్థాయి గొంతున్న గాయని) బాగా పై స్థాయికి వెళ్తే ‘ఇ’, ‘ఉ’, ‘ఆ’ ఇంచుమించు ఒకేలా వినిపిస్తాయి. ఏ అచ్చో పట్టిచ్చే, నోటి లోపల పుట్టే అనునాదం కన్నా స్వరమే పైకి వెళ్లిపోతుంది మరి. అది గాయని ఉచ్చారణ లోపం కాదు. వేదిక పైన తెర మీద మాటలు వేసే పద్ధతి 1983లో టొరంటోలో మొదలై, అన్నిచోట్లా నిలబడిపోయింది.

మ్యూజికల్‌లో మాట అందకపోతే కథే అందదు. అందుకే నటుల నుదుటి మీద, జుట్టు మొదట్లో, బియ్యపుగింజంత మైకు అమరుస్తారు. తీగ విగ్గు కింద నుంచి వీపు మీదుగా నడుముకు కట్టిన ట్రాన్స్‌మిటర్‌కు చేరుతుంది. చెమట మైకులోకి దిగితే గొంతు దుప్పటి కప్పుకున్నట్టు మూసుకుపోతుంది. మైకు ఉంది కనుక గుసగుసగానూ పాడొచ్చు, మాట్లాడే గొంతునే పైదాకా లాగి ‘బెల్టింగ్’ చేయొచ్చు. బ్రాడ్‌వేలో వారానికి 8 ఆటలు. ఒపేరాలో పెద్ద పాత్ర పాడినవాళ్లకు ఆటకూ ఆటకూ మధ్య రెండు మూడు రోజులైనా విశ్రాంతి కావాలి.

శ్రుతి సంగతి మన సంగీతం తెలిసినవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. మ్యూజికల్‌లో నటుడి గొంతుకు తగ్గట్టు శ్రుతి మారుస్తారు. ఒపేరాలో రాసిన శ్రుతికి సరిపోయే గాయకుణ్ణి వెతుకుతారు. ఎప్పుడైనా అర స్వరం దించడం ఉంది, అంతకు మించి అరుదు.

ప్రశ్న: మొదటిసారి ఒపేరాకు వెళ్లేవాళ్లు ఏది చూడాలి?
– పాఠకుడు, డాలస్

జవాబు: పుచ్చిని ‘లా బొహేమ్’ (1896). నాలుగు అంకాలు, సంగీతం మొత్తం రెండు గంటల లోపే. వాగ్నర్ ఒపేరాల జోలికి అప్పుడే వెళ్లొద్దు, నాలుగు గంటలు దాటేవి ఉన్నాయి. కథ ముందే చదువుకోండి, తెర మీది మాటలకు అతుక్కుపోకుండా వేదికను చూడగలుగుతారు. మొదటి అంకంలో కథానాయకుడు రొడాల్ఫో ఒక్కడే పాడే పాటను (ఆరియా) ఇంట్లో నాలుగైదు సార్లు వినండి. ఆలస్యంగా వెళ్తే విరామం దాకా బయటే నిలబెట్టొచ్చు.

ప్రశ్న: మన పద్యనాటకం ఒపేరా అవుతుందా?
– పాఠకుడు, తెనాలి

జవాబు: కాదు. త్యాగరాజస్వామి ‘నౌకాచరిత్రము’ను ఇంగ్లిషులో ఒపేరా అని రాస్తుంటారు. కీర్తనలతో పాటు పద్యాలు, వచనమూ ఉన్న గేయనాటకం అది, యక్షగానానికి దగ్గరి చుట్టం. పద్యనాటకం సంగతి వేరు. నటుడు ఆ పూట రాగాన్ని ఎంతసేపు సాగదీస్తే హార్మోనియం అంతసేపూ వెంట నడవాలి. ఒపేరాలో ఎంతటి గాయకుడైనా వాద్యబృందాన్ని నడిపించే కండక్టర్ చేతికర్ర మీద ఓ కన్ను వేసి ఉంచాల్సిందే.