ఇంటి చదువులో లెక్కల పుస్తకం ఏది?

బడికి పంపకుండా పిల్లలను ఇంట్లోనే చదివిస్తున్న తల్లిదండ్రులు లెక్కల గురించి అడిగిన నాలుగు ప్రశ్నలకు ఈసారి జవాబులిస్తున్నాం. నాలుగూ పన్నెండేళ్లు దాటిన పిల్లల గురించినవే.

ప్రశ్న: మా అబ్బాయికి 13 ఏళ్లు. ఆరో తరగతి తర్వాత బడి మాన్పించి ఇంట్లో చదివిస్తున్నాం. ఎనిమిదో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం మొదలుపెడితే సమీకరణాల దగ్గర ఆగిపోయాడు. పుస్తకంలోనే లోపం ఉందేమోనని ఇంకో రెండు కొన్నాం. వాటిలోనూ అక్కడే ఆగాడు. ఏ పుస్తకం కొనమంటారు?
– ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: ఇప్పుడే ఏదీ కొనకండి. మూడు పుస్తకాల్లోనూ ఒకే చోట ఆగాడంటే తప్పు పుస్తకాలది కాదు. సమీకరణాలకు ముందు రావలసింది ఏదో సరిగా రాలేదు. అదేమిటో తేల్చడానికి ఒక కాగితం మీద నాలుగు లెక్కలు రాసివ్వండి. కాలిక్యులేటర్ వద్దు, గడియారం పెట్టొద్దు. ప్రతి మెట్టూ రాయమనండి, కొట్టివేతలు కూడా చెరపనివ్వకండి.

ఒకటి: 3/4 − 2/3 ÷ 1/6. రెండు: −3² ఎంత, (−3)² ఎంత? మూడు: 2(ఎక్స్ − 3) − (ఎక్స్ − 5) = 7 అయితే ఎక్స్ ఎంత? నాలుగు: 15 శాతం తగ్గింపు పోగా చొక్కా 680 రూపాయలకు వచ్చింది, అసలు ధర ఎంత?

సరైన జవాబులు వరుసగా −13/4, −9, 9, 8, 800 రూపాయలు. అయితే మీరు చూడాల్సింది ఎన్ని ఒప్పయ్యాయన్నది కాదు, తప్పు ఎలా వచ్చిందన్నది.

మొదటిదానికి 1/2 వేశాడనుకోండి. భిన్నాలు వచ్చు, ముందు భాగించాలన్న క్రమం మర్చిపోయాడు. అది ఒక్కరోజులో సరిదిద్దగలిగే తప్పు. 23/36 వేశాడా, భాగించాల్సిన చోట గుణించాడు. ఇది పెద్ద లోపం. "2/3లో 1/6లు ఎన్ని ఉన్నాయి?" అని అడిగి, గీత గీయించి ఆరు భాగాలు చేయించండి. 2/3 అంటే 4/6 కాబట్టి నాలుగున్నాయని తనే చూడాలి. తిరగేసి గుణించే సూత్రం ఆ తర్వాతే.

మూడోదానికి 18 వస్తే, బ్రాకెట్ ముందున్న మైనస్‌ను మొదటి పదానికే ఇచ్చి రెండోదాన్ని వదిలేశాడన్నమాట. మీరు దిద్దకండి. 18ని సమీకరణంలో పెట్టి చూడమనండి. 30 − 13 = 17 వస్తుంది, 7 రాదు. తన తప్పును తనే పట్టుకునే ఈ అలవాటు అబ్బితే బీజగణితంలో సగం భయం పోతుంది. ఇక నాలుగోదానికి 782 వేసే పిల్లలు చాలామంది ఉంటారు. వాళ్లు 680 మీద 15 శాతం కలుపుతారు. శాతం దేని మీద లెక్కకట్టాలన్నది తేలలేదు కాబట్టి నిష్పత్తి పాఠం మళ్లీ చేయాలి.

ఆరో తరగతి, ఏడో తరగతి మొత్తం తిరగ చదివించొద్దు, పిల్లవాడికి అవమానంగా ఉంటుంది. లోపం దొరికిన అధ్యాయాలే తీసుకోండి. భిన్నాలు, ఋణ సంఖ్యలు, నిష్పత్తి మూడింటికీ కలిపి రోజుకు 40 నిమిషాల చొప్పున ఆరు నుంచి ఎనిమిది వారాలు పెట్టుకోండి. ఎన్‌సీఈఆర్‌టీ ఆరో తరగతి కొత్త పుస్తకం 'గణిత ప్రకాశ్' 2024లో, ఏడు, ఎనిమిది తరగతులవి 2025లో వచ్చాయి. వాళ్ల వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఆలోచింపజేయడంలో ఇవి పాతవాటికన్నా మేలు, అభ్యాసానికి మాత్రం లెక్కలు తక్కువ. పాఠం కొత్త పుస్తకంలో చదివించి, అభ్యాసం పాత పుస్తకంలోంచి ఇవ్వండి.

ప్రశ్న: మా అమ్మాయికి 14 నిండాయి. పదో తరగతి పరీక్ష ఎన్‌ఐఓఎస్‌లో (కేంద్ర ప్రభుత్వ ఓపెన్ స్కూల్) రాయించాలా, కేంబ్రిడ్జ్ ఐజీసీఎస్‌ఈ (బ్రిటన్ బోర్డు వారి పదో తరగతి స్థాయి పరీక్ష) రాయించాలా? లెక్కల సిలబస్‌లో తేడా ఏమిటి?
– విశాఖపట్నం

జవాబు: ముందు పరీక్ష తేల్చుకోండి, పుస్తకం దాన్నిబట్టే వస్తుంది. చాలామంది పుస్తకం రెండేళ్లు చదివించాక పరీక్ష గురించి ఆలోచిస్తారు. అప్పుడు సిలబస్‌లో లేనివి కొన్ని చదివి, ఉన్నవి కొన్ని వదిలేసినట్టు తేలుతుంది.

ఎన్‌ఐఓఎస్ సెకండరీకి, అంటే పదో తరగతికి, 14 ఏళ్లు నిండితే చాలు. బడిలో చదివిన సర్టిఫికెట్ లేకపోయినా స్వీయ ధ్రువీకరణతో చేరవచ్చు, తెలుగు మాధ్యమం కూడా ఉంది. లెక్కల సబ్జెక్టు కోడ్ 211. మార్కులు థియరీకి 85, ప్రాక్టికల్‌కు 15. అసైన్‌మెంట్లకు కూడా వెయిటేజీ ఉంది, ఇంట్లో చదివేవాళ్లు గడువు దాటబెట్టేది ఎక్కువగా వాటినే. బీజగణితం, రేఖాగణితం, క్షేత్రమితి, త్రికోణమితి, సాంఖ్యక శాస్త్రంతో పాటు వాణిజ్య గణితం ఒక పూర్తి భాగంగా ఉంటుంది. వాయిదాల మీద కొంటే వడ్డీ ఎంత పడుతుందన్న లెక్కలు ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలో దొరకవు. అందుకే ఎన్‌ఐఓఎస్‌కు ఎన్‌ఐఓఎస్ పుస్తకమే చదివించండి.

కేంబ్రిడ్జ్ లెక్కల కోడ్ 0580. ఇందులో కోర్, ఎక్స్‌టెండెడ్ అని రెండు స్థాయిలు. కోర్‌లో ఎంత బాగా రాసినా సి గ్రేడ్ దాటదు కాబట్టి పైచదువుల్లో లెక్కలు కావాలనుకుంటే ఎక్స్‌టెండెడే రాయించాలి. 2025 నుంచి ఎక్స్‌టెండెడ్‌లో రెండు పేపర్లు, ఒక్కోటి 2 గంటలు, 100 మార్కులు. ఒకదానికి కాలిక్యులేటర్ అనుమతి లేదు. అన్నిటికీ కాలిక్యులేటర్ నొక్కే అలవాటున్న పిల్లలు ఆ పేపర్లో దెబ్బతింటారు, ఏడాది ముందు నుంచే దాన్ని పక్కన పెట్టించండి.

ఎన్‌సీఈఆర్‌టీ చదివి కేంబ్రిడ్జ్‌కు మారేవాళ్లకు ఇంకో ఇబ్బంది ఉంది. సిలబస్ తగ్గించినప్పుడు పదో తరగతి వర్గ సమీకరణాల్లో వర్గాన్ని పూర్తి చేసే పద్ధతిని ఎన్‌సీఈఆర్‌టీ తీసేసింది. ఎక్స్‌టెండెడ్‌లో అది తప్పనిసరి. ఫంక్షన్లు, వెక్టార్లు, అవకలనం మొదటి మెట్లు కూడా అక్కడున్నాయి. వీటికి కనీసం నాలుగు నెలలు విడిగా కేటాయించుకోవాలి. బయటి అభ్యర్థులను అనుమతించే పరీక్షా కేంద్రాన్ని వెతికి, ముందే మాట్లాడుకున్నాకే పుస్తకం కొనండి.

మా సలహా అడిగితే, ఇంటర్ ఇక్కడే చదివి జేఈఈ రాసే ఆలోచన ఉంటే ఎన్‌ఐఓఎస్ చాలు. విదేశీ చదువు ఖాయమనుకుంటేనే కేంబ్రిడ్జ్ శ్రమా ఖర్చూ పెట్టుకోండి.

ప్రశ్న: మేం టెక్సస్‌లో ఉంటాం. 15 ఏళ్ల మా అమ్మాయి సాక్సన్ ఆల్జీబ్రా 1 మూడో ఎడిషన్ పూర్తిచేసింది. పుస్తకంలో లెక్కలన్నీ చేస్తుంది, కొత్త రకం లెక్క కనిపిస్తే చేతులెత్తేస్తుంది. ఆర్ట్ ఆఫ్ ప్రాబ్లమ్ సాల్వింగ్ పుస్తకాలకు మారుద్దామా?
– ఫ్రిస్కో

జవాబు: పూర్తిగా మార్చకండి. సాక్సన్‌లో ప్రతి పాఠంలోనూ కొత్త విషయం కొంచెమే, తర్వాతి ముప్పై దాకా లెక్కల్లో ఎక్కువ భాగం పాత పాఠాలవి. మర్చిపోకుండా ఉండేది ఆ కలగలుపు వల్లనే. చాలామంది "వచ్చినవే కదా" అని బేసి సంఖ్యల లెక్కలే చేయిస్తారు. ఒక్కో పాత విషయానికి రోజుకు ఒకటో రెండో లెక్కలుంటాయి కాబట్టి సగం వదిలేస్తే కొన్ని విషయాలు వారాల తరబడి కంటబడవు. మీరు అలా చేసి ఉంటే ముందు అది మానండి.

ఆర్ట్ ఆఫ్ ప్రాబ్లమ్ సాల్వింగ్ పద్ధతి దీనికి తలకిందులు. ముందు లెక్క ఇస్తారు, పిల్లలు తంటాలు పడ్డాక వివరణ. ఒకే లెక్క దగ్గర పదిహేను నిమిషాలు కూర్చునే ఓపిక లేని పిల్లలకు అది ఏడుపు తెప్పిస్తుంది. వారంలో నాలుగు రోజులు సాక్సన్, ఒక రోజు అటు నుంచి రెండే లెక్కలు పెట్టండి. ఆర్ట్ ఆఫ్ ప్రాబ్లమ్ సాల్వింగ్ సైట్‌లో పుస్తకాలకు ఉచిత సంసిద్ధత పరీక్షలున్నాయి. కొనే ముందు అది రాయించండి.

ఎడిషన్ విషయంలో జాగ్రత్త. మూడో ఎడిషన్‌లో జామెట్రీ ఆల్జీబ్రా పుస్తకాల్లోనే కలిసి ఉంటుంది. నాలుగో ఎడిషన్‌లో దాన్ని విడదీసి వేరే పుస్తకం చేశారు. మూడో ఎడిషన్ ఆల్జీబ్రా 1 తర్వాత నాలుగో ఎడిషన్ ఆల్జీబ్రా 2 కొంటే జామెట్రీ మధ్యలో జారిపోతుంది. ట్రాన్‌స్క్రిప్ట్ (హైస్కూల్లో చదివిన సబ్జెక్టులు, గ్రేడ్ల పట్టిక) రాసేటప్పుడుగానీ అది బయటపడదు. టెక్సస్‌లో ఇంటి బడికి లెక్కలు తప్పనిసరి సబ్జెక్టే అయినా పుస్తకం ఎంపిక పూర్తిగా మీదే, అడిగేవాళ్లుండరు. కాబట్టి ఈ లెక్కా మీరే చూసుకోవాలి.

ప్రశ్న: నేను చదివింది తెలుగు సాహిత్యం. తొమ్మిదో తరగతి లెక్కలు చెప్పలేను. దిద్దడమైనా ఎలా?
– గుంటూరు

జవాబు: దిద్దడం మీరు చేయగలరు. పూర్తి సాధనలు విడిగా దొరికే పుస్తకమే ఎంచుకోండి, చివరి పేజీల్లో ఒట్టి జవాబులున్నది చాలదు. జవాబుల పేజీ మీ దగ్గరే ఉంచుకోండి. పిల్లల చేతిలో ఉంటే "ఓ, ఇదా, నాకు తెలుసు" అని టిక్కు పెట్టి ముందుకెళ్తారు. తప్పులకు వేరే నోటుపుస్తకం పెట్టి, లెక్క, తప్పిన మెట్టు, ఎందుకు తప్పింది అని మూడు గడులు గీయించండి. మూడో గడి పిల్లవాడే తన మాటల్లో రాయాలి. "తొందరపడ్డాను" అని రాస్తే ఒప్పుకోకండి, ఏ గుర్తు మారిందో రాయమనండి. మూడు రోజులాగి అదే లెక్క తెల్లకాగితం మీద మళ్లీ ఇవ్వండి. ఒకే రకం తప్పు మూడోసారి వస్తే కొత్త పాఠం ఆపి, ట్యూషన్ మాస్టారిని ఆ ఒక్క విషయానికే ఒకటి రెండు గంటలు పిలవండి. ఏడాది పొడవునా ట్యూషన్ పెట్టనక్కర్లేదు.