స్మోకీ కొండల్లో నడక, ఎలుగుబంట్లు, భోజనం: మీ ప్రశ్నలకు జవాబులు

టెన్నెసీ, నార్త్ కరోలినా రాష్ట్రాల సరిహద్దులో ఉన్న గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్కుకు పిల్లలతోనూ, ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్లతోనూ వెళ్లే తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ ప్రయాణం గురించి వచ్చిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: జూన్‌లో మా అత్తయ్య, మామయ్యగారు వస్తున్నారు. పిల్లలకు ఏడేళ్లు, పదకొండేళ్లు. మామయ్యగారికి మోకాళ్ల నొప్పి. నాలుగు రోజుల్లో అందరూ నడవగలిగే దారులు చెప్పండి. (ఒక పాఠకురాలు, ఆల్ఫరెటా)

ముందు పార్కింగ్ సంగతి. పార్కుకు ప్రవేశ రుసుము లేదు. కానీ 2023 మార్చి నుంచి, లోపల ఎక్కడైనా 15 నిమిషాలకు మించి బండి ఆపితే పార్కింగ్ ట్యాగ్ ఉండాలి. రోజుకు 5 డాలర్లు, వారానికి 15, ఏడాదికి 40. మీ దగ్గర అన్ని నేషనల్ పార్కులకూ చెల్లే వార్షిక పాస్ ఉన్నా దీనికి పనికిరాదు. నాలుగు రోజులకు వారం ట్యాగే చౌక. ట్యాగ్ ఉన్నంత మాత్రాన చోటు దొరుకుతుందని కాదు. ఏడాదికి కోటికి పైగా సందర్శనలు నమోదయ్యే పార్కు ఇది. జూన్‌లో పేరున్న ట్రైల్ దగ్గర ఉదయం ఎనిమిది దాటితే తిరిగి తిరిగి వెనక్కి రావాల్సిందే. ఏడింటికల్లా అక్కడ ఉండేలా చూసుకోండి.

మామయ్యగారికి మొదటి రోజు షుగర్‌ల్యాండ్స్ విజిటర్ సెంటర్ దగ్గరి దారులు సరిపోతాయి. అక్కడి వ్యాలీ నేచర్ ట్రైల్ అర మైలే. చదునుగా, తారు పరిచి, చక్రాల కుర్చీ కూడా వెళ్లేలా ఉంటుంది. విజిటర్ సెంటర్ వెనక నుంచి కాటరాక్ట్ ఫాల్స్ దాకా రానూపోనూ మైలు లోపే. ఏటి పక్కన తీరిగ్గా నడవాలనుకుంటే గాట్లిన్‌బర్గ్ ట్రైల్ ఉంది. ఒకవైపు 1.9 మైళ్లు, దాదాపు సమతలం, ఎక్కడ అలసిపోతే అక్కడి నుంచే వెనక్కి తిరగవచ్చు.

అందరూ కలిసి వెళ్లే జలపాతం కావాలంటే గ్రోటో ఫాల్స్. రానూపోనూ 2.6 మైళ్లు. దారి 25 అడుగుల జలధార వెనక నుంచే వెళుతుంది, పిల్లలు దాన్ని వదిలిపెట్టి రారు. అక్కడికి తీసుకెళ్లే రోరింగ్ ఫోర్క్ రోడ్డు ఇరుకైన వన్‌వే, చలికాలంలో మూసేస్తారు. రాళ్ల మీద పాచి ఉంటుంది. జలపాతాల దగ్గర దెబ్బలు తగిలేది ఎక్కువగా ఫోటో కోసం దారి వదిలి రాళ్లు ఎక్కినప్పుడే.

పదకొండేళ్ల అబ్బాయో అమ్మాయో హుషారైతే, మీలో ఒకరు వెంట వెళ్లి ఆలం కేవ్ బ్లఫ్స్ చూపించండి. ఒకవైపు 2.3 మైళ్లు, సుమారు 1,100 అడుగుల ఎక్కుడు. మొదటి మైలు ఏటి పక్కన, దుంగల వంతెనల మీదుగా హాయిగా సాగుతుంది. ఆ తర్వాత ఆర్చ్ రాక్ అనే రాతి సొరంగంలోంచి మెట్లు ఎక్కాలి. అక్కడి నుంచే అసలు ఎక్కుడు. పిల్లలతో ఎక్కేటప్పుడు గంటకు ఒక మైలు లెక్క వేసుకోండి. మనిషికి కనీసం లీటరున్నర నీళ్లు పెట్టుకోండి. మధ్యాహ్నం ఉరుములు, వాన మామూలే కాబట్టి పన్నెండింటికి కిందికి వచ్చేయాలి.

చాలామంది పొరబడే చోటు కువోహి. 2024 సెప్టెంబరు దాకా క్లింగ్‌మన్స్ డోమ్ అన్న శిఖరం ఇదే. 6,643 అడుగులు, పార్కులో అన్నిటికన్నా ఎత్తు. "తారు రోడ్డు, అర మైలే" అని చదివి పెద్దవాళ్లను తీసుకెళతారు. ఆ అర మైలులో 330 అడుగులు ఎక్కాలి. మోకాళ్లకు ఎక్కడం కంటే దిగడమే కష్టం. మామయ్యగారు పార్కింగ్ దగ్గరి అంచున కూర్చున్నా కొండల వరుసలు చక్కగా కనిపిస్తాయి. కింద ఊళ్లో ఉక్కగా ఉన్నా పైన గాలి చల్లగా కొడుతుంది, స్వెట్టర్ తప్పనిసరి. చేతికర్రలు వాడితే సమతలంలో మోచేయి లంబకోణంలో వంగే పొడవు పెట్టి, దిగేటప్పుడు రెండు మూడు అంగుళాలు పెంచండి. మోకాలి మీద బరువు తగ్గేది ఆ పెంచడంలోనే.

ప్రశ్న: మా అబ్బాయి షార్లెట్‌లో ఉంటాడు. స్మోకీకి తీసుకెళతానంటున్నాడు. మా ఉద్దానం వైపు ఎలుగుబంటి అంటేనే గుండె ఝల్లుమంటుంది. అక్కడ పిల్లల్ని అడవిలో నడిపించడం క్షేమమేనా? (ఒక పాఠకుడు, పలాస)

మీ భయానికి కారణం ఉంది. జీడితోటల్లో మనుషుల మీద పడే మన ఎలుగుబంటి వేరు, అక్కడి నల్ల ఎలుగుబంటి వేరు. మనది ఎదురుపడి ఉలిక్కిపడితే పారిపోవడం కంటే మీద పడడమే ఎక్కువ. స్మోకీలో ఉండేది చాలావరకు బెదిరి చెట్టెక్కేది, పొదల్లోకి తప్పుకునేది. పార్కులో ఇవి దాదాపు 1,900 ఉన్నాయి. మగది వేసవిలో 250 పౌన్లు తూగుతుంది, ఆడది వంద దాటుతుంది. నడిచేటప్పుడు పిల్లలు ముందుకు పరిగెత్తకుండా పెద్దవాళ్ల మధ్య ఉండాలి. మామూలుగా మాట్లాడుకుంటూ వెళితే చాలు, మనిషి అలికిడికి అదే తప్పుకుంటుంది.

అయినా కనిపిస్తే పరిగెత్తకూడదు. పరిగెత్తితే వెంటపడుతుంది, మనిషికన్నా వేగం. పిల్లల్ని దగ్గరికి తీసుకుని, దానివైపే చూస్తూ మెల్లగా వెనక్కి జరగండి. అది ఆకులు తినడం ఆపి మీవైపు చూసిందంటే, మీరు ఇప్పటికే మరీ దగ్గరగా ఉన్నారని అర్థం. గుర్రుమన్నా, నేలను కాలితో కొట్టినా అది హెచ్చరిక. వెంట వస్తుంటే దారి మార్చండి. అయినా వస్తుంటే అక్కడే నిలబడి గట్టిగా అరవండి, చేతులు పైకెత్తి పెద్దగా కనిపించండి, రాళ్లు విసరండి. తినేవి మాత్రం విసరకండి. మీద పడితే చచ్చినట్టు పడుకోవడం ఇక్కడ పనికిరాదు, చేతికందిన దానితో ఎదురు తిరగాలి.

చట్టం కూడా ఉంది. ఎలుగుబంటికీ, ఎల్క్ అనే పెద్ద జాతి జింకకీ 50 గజాల లోపు కావాలని వెళ్లడం నేరం. 5,000 డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు పడవచ్చు. ఎంత దూరంలో ఉన్నా మీ వల్ల దాని ప్రవర్తన మారితే అదీ తప్పే. మనవడికి ఫోటో కోసం ముందుకు వెళ్లమని ఎవరు చెప్పినా వినకండి.

ప్రశ్న: కేడ్స్ కోవ్‌లో నాలుగు గంటలు కారులో ఇరుక్కుపోయాం, ఒక్క జంతువూ కనిపించలేదు. తప్పెక్కడ? (ఒక పాఠకుడు, నాష్‌విల్)

బహుశా పదింటికి బయల్దేరి ఉంటారు. కేడ్స్ కోవ్ 11 మైళ్ల వన్‌వే చుట్టు రోడ్డు. ఒక ఎలుగుబంటి కనిపిస్తే ముందు బండి ఆగుతుంది, వెనక వరుస కడుతుంది. ఆ సందడికి జంతువు ఎప్పుడో లోపలికి వెళ్లిపోతుంది. సూర్యోదయానికి గేటు తీసే వేళకు అక్కడ ఉండండి. పచ్చికలో మంచు ఆరకముందే లేళ్లు, అడవి టర్కీ కోళ్లు మేస్తుంటాయి. ఎలుగుబంటి కోసం మైదానం మధ్యలో కాదు, అడవి మొదలయ్యే అంచునా, చెట్ల మీదా వెతకండి. వేసవి మొదట్లో పండ్ల చెట్లమీద, శరదృతువులో ఓక్ కాయల కోసం కొమ్మల్లో కూర్చుని ఉంటుంది. బండి ఆపాలంటే పక్కనున్న ఖాళీలోకి తియ్యండి. మధ్యలో స్పార్క్స్ లేన్, హయట్ లేన్ అని రెండు అడ్డదారులు ఉన్నాయి. పిల్లలు విసిగితే వాటిలోంచి బయటపడవచ్చు. పార్కులో పెట్రోల్ బంకు లేదు, ట్యాంకు నింపుకుని రండి. మే మొదటి బుధవారం నుంచి సెప్టెంబరు చివరి దాకా బుధవారాల్లో కార్లను రానివ్వరు. సైకిలు తొక్కే పిల్లలుంటే ఆ రోజే మంచిది.

ఎల్క్ చూడాలంటే నార్త్ కరోలినా వైపు, చెరోకీ దగ్గర ఓకనలఫ్టీ విజిటర్ సెంటర్ పొలాలకు వెళ్లండి. టెన్నెసీ వైపు పార్కు పక్కనున్న గాట్లిన్‌బర్గ్ ఊరి నుంచి న్యూఫౌండ్ గ్యాప్ కనుమ మీదుగా గంట ప్రయాణం. ఈ కొండల్లో పూర్తిగా అంతరించిన ఎల్క్‌ను 2001లో తెచ్చి వదిలారు. సాయంత్రం ఎండ వాలాక అడవిలోంచి పొలంలోకి వస్తాయి. సెప్టెంబరు మధ్య నుంచి మగవాటి కేకలు వినిపిస్తాయి. ఆ నెలలోనూ, దూడలుండే జూన్‌లోనూ అవి ఎలుగుబంటి కంటే చిరాకుగా ఉంటాయి, రోడ్డు దాటి పొలంలోకి దిగవద్దు.

ప్రశ్న: మా అమ్మ గుడ్డు కూడా తినదు. బయట ఏం తినవచ్చు? పులిహోర కట్టుకుని వెళితే ఎలుగుబంట్లు వస్తాయా? (ఒక పాఠకురాలు, షార్లెట్)

రెండు ప్రశ్నలూ మంచివే, రెండూ ఒకదానితో ఒకటి ముడిపడ్డవే.

గాట్లిన్‌బర్గ్, పిజన్ ఫోర్జ్ హోటళ్లలో పెద్ద చిక్కు మాంసం కాదు, కూరగాయల్లో దాగి ఉన్న మాంసం. మెనూలో "వెజిటబుల్ ప్లేట్" అని ఉంటుంది. నాలుగు కూరలు, ఒక మొక్కజొన్న రొట్టె. చూడగానే మనది అనిపిస్తుంది. కానీ గ్రీన్ బీన్స్‌లో బేకన్, పింటో బీన్స్‌లో పంది ఎముక, కాలర్డ్ ఆకుకూరలో హ్యామ్ (బేకన్, హ్యామ్ రెండూ పంది మాంసమే) వేసి గంటలతరబడి ఉడికించడం దక్షిణాది వంట పద్ధతి. ముక్క తీసేసి తెచ్చినా రసం అదే. అక్కడ బిస్కెట్లు అనే మెత్తటి బన్నుల్లో, రొట్టెలో పంది కొవ్వు (లార్డ్) ఉండవచ్చు. తెల్ల గ్రేవీ సాధారణంగా సాసేజ్ కొవ్వుతో చేస్తారు. "వెజిటేరియనా?" అని అడిగితే చాలామంది అవుననే అంటారు, ఎందుకంటే ప్లేటులో ముక్క ఉండదు. అందుకే ఇలా అడగండి: "డస్ ఇట్ హావ్ బేకన్, హ్యామ్, లార్డ్ ఆర్ మీట్ బ్రాత్?" పేరుపేరునా అడిగితే సర్వర్ లోపలికి వెళ్లి కనుక్కుని వస్తారు.

గుడ్డు లేనివి వెతకడం ఇంకాస్త కష్టం. పాన్‌కేకుల పిండిలో, వాఫిల్‌లో గుడ్డు ఉంటుంది. కోల్‌స్లా అనే క్యాబేజీ సలాడ్‌లోని మయోనైజ్‌లోనూ, హష్‌పప్పీలు అనే మొక్కజొన్న పిండి బోండాల్లోనూ ఉంటుంది. వేపిన బెండకాయకు పట్టించే పిండిలో ఉండవచ్చు. అమ్మగారికి నమ్మకంగా సరిపోయేవి: వెన్న వేసిన కాల్చిన బంగాళాదుంప, ఓట్‌మీల్, పండ్లు, బేకన్ వేయని సలాడ్, గ్రిట్స్. గ్రిట్స్ అంటే మొక్కజొన్న రవ్వ జావ. కాస్త ఉప్పు, మిరియాలు వేసుకుంటే పలచటి ఉప్మా తిన్నట్టే ఉంటుంది. నీళ్లతోనే వండారా అని మాత్రం అడగండి. మెక్సికన్ హోటల్లో బీన్స్‌లో పంది కొవ్వు, అన్నంలో చికెన్ నీళ్లు మామూలే. మాంసాహారులు మాత్రం కొండ ఏళ్ల రెయిన్‌బో ట్రౌట్ చేప వదలకండి. గ్రిల్ చేయించుకుంటే రుచి తెలుస్తుంది, పిండి పట్టించి వేపితే చేప రుచే పోతుంది.

పాన్‌కేక్ హౌసులు ఈ ఊరి ప్రత్యేకత, గాట్లిన్‌బర్గ్‌లో మొదటిది 1960లో వచ్చింది. ఎక్కువభాగం మధ్యాహ్నం దాటాక మూసేస్తారు, శని ఆదివారాల్లో తొమ్మిదింటికి వరుస వీధిలోకి వస్తుంది. ఉదయం క్యాబిన్‌లోనే ఏదో ఒకటి తిని నడకకు వెళ్లి, పన్నెండున్నరకు వచ్చి పాన్‌కేకులు తినడం తెలివైన పని. రాత్రి భోజనానికి ఐదులోపే వెళ్లండి. టిప్ 18 నుంచి 20 శాతం.

ఇక పులిహోర. నిక్షేపంగా కట్టుకెళ్లండి, పార్కు లోపల హోటళ్లు లేవు. దద్దోజనం మాత్రం ఐసు ఉన్న కూలర్‌లోనే పెట్టాలి. బయట రెండు గంటలకు మించి ఉంచవద్దు, ఎండ 90 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే గంటే. తినడానికి చిమ్నీస్ పిక్నిక్ ఏరియా చక్కటి చోటు, ఏటి ఒడ్డున బల్లలుంటాయి. మూతలన్నీ ఒకేసారి తీసి పరిచేయకుండా, ఎవరికి కావలసింది వాళ్లకు పెట్టి డబ్బా మూసి కారులో పెట్టండి. ఒక మనిషి ఎప్పుడూ బల్ల దగ్గర ఉండాలి. ఎలుగుబంటి వస్తే తిండి అంతా ఎత్తుకుని కారులోకి వెళ్లాలి, దానికి వదిలి వెళ్లకూడదు.

తొక్కలు, కరివేపాకు, ప్లేటులో మిగిలిన మెతుకులు కూడా చెత్తే. "అరటితొక్కే కదా, మట్టిలో కలిసిపోతుందిలే" అని పొదల్లో వేస్తే, ఆ వాసనకు ఎలుగుబంటి బల్లల దగ్గరికి అలవాటు పడుతుంది. ఒకసారి మనిషి తిండి మరిగినది మళ్లీ మళ్లీ వస్తుంది, భయం పోతుంది, చివరికి అధికారులు దాన్ని చంపాల్సి వస్తుంది. తప్పు మనది, ప్రాణం దానిది. డబ్బాలు ఏట్లో కడగవద్దు. ఎలుగుబంటి తెరవలేని గొళ్లెం ఉన్న చెత్తకుండీ అక్కడే ఉంటుంది. మూత టక్కుమని పడిందాకా నొక్కండి.

క్యాబిన్ దగ్గరా ఇదే జాగ్రత్త. కారు తలుపు హ్యాండిల్ లాగి తెరవడం అక్కడి ఎలుగుబంట్లకు వచ్చు. లోపల ఒక చిప్స్ పాకెట్ ఉన్నా సీట్లు చీల్చేస్తుంది, తలుపు మూసుకుపోతే మరీ ఘోరం. తాళం వేయండి, కారు ఖాళీ చేయండి, ఆవకాయ జాడీ కూడా లోపలికి తెచ్చుకోండి. చెత్త సంచి రాత్రి వరండాలో పెట్టవద్దు. చాలా క్యాబిన్లలో వంటగిన్నెలు ఉంటాయి గానీ కుక్కర్ ఉండదు. రైస్ కుక్కర్ వెంట తెచ్చుకుంటే రెండు పూటల భోజనం తేలికవుతుంది. బియ్యం, పప్పులు ఇంటి దగ్గరే సర్దుకోండి.

ప్రశ్న: ఒకేసారి వెలిగే మిణుగురులను చూడాలంటే? (ఒక పాఠకురాలు, రాలీ)

పార్కులోని ఎల్క్‌మాంట్‌ అనే చోట మే చివర, జూన్ మొదట్లో సుమారు వారం రోజులు. ఆ రాత్రులకు కారు పాస్ లాటరీలోనే వస్తుంది, దరఖాస్తు ఏప్రిల్ చివర్లో కొద్ది రోజులే తెరిచి ఉంటుంది. పాస్ వస్తే టార్చికి ఎర్ర కాగితం చుట్టి నేలవైపే వెయ్యండి, ఫోన్ తెర ఆపేయండి.

ప్రశ్న: విమానంలో వస్తున్నాం. బేర్ స్ప్రే తెచ్చుకోవచ్చా? ఫోన్ పనిచేస్తుందా? (ఒక పాఠకుడు, డాలస్)

ఎలుగుబంటిని తరిమే ఈ మిరప ఘాటు స్ప్రేను విమానంలో చేతిసంచిలోనూ, చెక్ఇన్ సామానులోనూ అనుమతించరు. కావాలంటే గాట్లిన్‌బర్గ్‌లో కొనుక్కుని, వెళ్లేటప్పుడు తీసుకెళ్లకండి. పార్కులో దాన్ని వెంట ఉంచుకోవచ్చు, బ్యాగు అడుగున కాక నడుముకు తగిలించుకోవాలి. ఫోన్ సిగ్నల్ పార్కులో చాలాచోట్ల ఉండదు. మ్యాపులు క్యాబిన్‌లో ఉండగానే ఆఫ్‌లైన్‌గా దించుకోండి. రెండు కార్లలో వెళితే ఎక్కడ, ఎన్నింటికి కలవాలో ముందే అనుకోండి.