పోటీ సాకర్‌లో పిల్లల అర్హత, జట్టులో చోటు: కొత్తగా వచ్చిన తల్లిదండ్రుల సందేహాలు

“ఫీజు అంతా కట్టాము, మా అమ్మాయి ఒక్క ప్రాక్టీసు కూడా మానలేదు, అయినా మ్యాచ్‌లో పది నిమిషాలకు మించి ఆడనివ్వడం లేదు, ఇది అన్యాయం కాదా?” అని అమెరికాకు కొత్తగా వచ్చిన తెలుగు తల్లిదండ్రులు నన్ను తరచుగా అడుగుతుంటారు. పిల్లల సాకర్ (ఫుట్‌బాల్) జట్టుకు మేనేజరుగా రిజిస్ట్రేషన్ కాగితాలు చూసే బాధ్యతలో ఉన్నాను కనుక, ఆ అనుభవంతో జవాబు చెబుతున్నాను. ఎవరు ఏ జట్టులో ఆడవచ్చో ఇక్కడి నిబంధనలు కచ్చితంగా నిర్ణయిస్తాయి. పోటీ స్థాయిలో ఎవరు ఎంతసేపు ఆడాలన్నది మాత్రం చాలావరకు కోచ్‌కే వదిలేస్తాయి. ఈ తేడా ట్రైఔట్‌కు (జట్టు ఎంపిక పరీక్షకు) వెళ్లకముందే తెలుసుకోవాలి.

అందరికీ ఆట అందాలన్నది రెక్రియేషనల్ (సరదా కోసం ఆడే) లీగుల పద్ధతి. 1964లో మొదలైన ఏవైఎస్ఓ (అమెరికన్ యూత్ సాకర్ ఆర్గనైజేషన్) వంటి సంస్థలో ప్రతి పిల్లకూ కనీసం సగం ఆట దక్కాలన్నది నియమం, జట్లను కూడా బలాబలాలు చూసి సమానంగా పంచుతారు. పోటీ స్థాయి అయిన క్లబ్ సాకర్‌లో ఎంపిక ప్రతిభను బట్టి జరుగుతుంది. మీరు కట్టే డబ్బు శిక్షణకూ మైదానానికీ చెల్లుతుంది గాని మ్యాచ్ నిమిషాలకు కాదు.

ఇక వయసు విషయం. 2017 నుంచి ఇక్కడ జనవరి 1 మొదలు డిసెంబరు 31 వరకు పుట్టిన పిల్లలను ఒకే వర్గంగా లెక్కించేవారు. 2026-27 సీజన్ నుంచి యూఎస్ యూత్ సాకర్, యూఎస్ క్లబ్ సాకర్, ఏవైఎస్ఓ సంస్థలు ఆగస్టు 1 నుంచి జూలై 31 వరకు అనే లెక్కకు మారాలని నిర్ణయించాయి. ఉదాహరణకు 2014 అక్టోబరులో పుట్టిన పాప పాత లెక్కలో ఆ సీజన్‌కు అండర్-13లో ఉండాలి; కొత్త లెక్కలో అండర్-12లో, ఎక్కువగా తన తరగతి పిల్లలతోనే ఆడుతుంది. లీగులన్నీ ఒకే దారిలో నడవడం లేదు కనుక, మీ క్లబ్ ఆడే లీగు ఏ లెక్క పాటిస్తోందో అడిగి తెలుసుకోండి. చిన్న వయసు పిల్లలు పై వర్గంలో ఆడవచ్చు, పెద్దవారు కింది వర్గంలో ఆడకూడదు.

మనవాళ్లకు అసలు చిక్కు కాగితాల దగ్గర వస్తుంది. పుట్టిన వెంటనే పేరు గడి ఖాళీగా ఉంచి మున్సిపాలిటీలో తీసుకున్న జనన ధ్రువపత్రం, ఇంటిపేరు విడదీసి రాసిన పాస్‌పోర్టు, బడిలో తొందరగా చేర్చాలని మార్చి చెప్పిన పుట్టినతేదీ, ఈ మూడూ ఒకదానితో ఒకటి పొసగని సందర్భాలు ఉంటాయి. బయలుదేరే ముందే పేరు నమోదు చేయించిన ధ్రువపత్రం తీసుకుని, అందులోని తేదీ, పేరు పాస్‌పోర్టుతో అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో సరిచూడండి. అంతేకాక, పదేళ్లు నిండి, విదేశంలో పుట్టిన పిల్లలు మొదటిసారి నమోదయ్యేటప్పుడు ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా నిబంధనల ప్రకారం, అమెరికా జాతీయ సమాఖ్య అయిన యూఎస్ సాకర్ అనుమతి కావాలి. భారతదేశంలో ఏ క్లబ్‌కూ ఆడని పిల్లలకు కూడా ఇది వర్తిస్తుంది. పిల్లలను ఆట కోసం దేశాలు దాటించకుండా కాపాడడానికే ఈ నియమం పెట్టారు. తల్లిదండ్రులు ఉద్యోగం కోసం వచ్చారని చూపితే మినహాయింపు ఉంది. అనుమతికి సమయం పడుతుంది కాబట్టి సీజన్ మొదలయ్యే వారంలో కాక, జట్టులో చోటు ఖాయమైన రోజునే దరఖాస్తు పంపమని క్లబ్ రిజిస్ట్రార్‌ను (నమోదు చూసే వ్యక్తిని) కోరండి.

వయసు తగ్గించి చూపమని ఎవరు సలహా ఇచ్చినా దయచేసి వినకండి. 2001లో లిటిల్ లీగ్ బేస్‌బాల్‌లో పన్నెండేళ్ల పరిమితి ఉన్న పోటీలో ఒక పిచ్చర్‌కు (బంతి విసిరే ఆటగాడికి) పద్నాలుగేళ్లని తేలడంతో, న్యూయార్క్ బ్రాంక్స్ జట్టు గెలుపులన్నీ రద్దయ్యాయి. పెద్దలు చేసిన పనికి జట్టులోని పిల్లలందరూ నష్టపోయారు.

జట్టు పరిమాణం కూడా ముందే అడగండి. అండర్-12లో తొమ్మిదిమంది చొప్పున అరవై నిమిషాలు ఆడతారు, జట్టులో పదహారుమంది వరకు ఉండవచ్చు. అంటే ప్రతి మ్యాచ్‌లోనూ అందరికీ సమానంగా పంచినా ఒక్కొక్కరికి వచ్చేది సుమారు 34 నిమిషాలే. అండర్-13 వర్గం నుంచి రోస్టర్‌లో (జట్టు నమోదు జాబితాలో) ఇరవై రెండుమంది వరకు ఉన్నా, సాధారణంగా మ్యాచ్ రోజు జాబితాలో పద్దెనిమిదిమందికే చోటు. టోర్నమెంటుకు బయటి నుంచి గెస్ట్ ప్లేయర్లను తెచ్చుకోవడం నిబంధనలకు లోబడినదే. అయినా ఏడాది పొడవునా కష్టపడిన పిల్లను కూర్చోబెట్టి గెలుపు కోసం కొత్తవారిని దింపడం నా దృష్టిలో న్యాయం కాదు, అలా పదేపదే చేసే క్లబ్‌ను నేను ఎవరికీ సిఫారసు చేయను. గాయాలతో మనుషులు చాలనప్పుడు పిలవడం వేరు.

ఆడే సమయం గురించి మ్యాచ్ ముగిసిన వెంటనే కోచ్‌ను నిలదీయకండి. చాలా క్లబ్‌లు ఇరవై నాలుగు గంటలు ఆగమంటాయి. “నేను ఏమి మెరుగుపరచుకోవాలి?” అని అమ్మాయే అడిగితే సూటిగా జవాబు వస్తుంది. మొదటి జట్టులో బెంచి మీద కూర్చోవడం కంటే రెండో జట్టులో పూర్తిగా ఆడడం ఎదిగే పిల్లకు మేలని నా నమ్మకం. క్లబ్ మారాలనుకుంటే మాత్రం సీజన్ మధ్యలో తొందరపడకండి. పాత క్లబ్ రిలీజ్ (జట్టు నుంచి విడుదల) ఇవ్వాల్సి రావచ్చు, మిగిలిన ఫీజు బాకీ అలాగే ఉండవచ్చు, రోస్టర్ గడువు తేదీ దాటితే స్టేట్ కప్‌లో (రాష్ట్ర స్థాయి పోటీలో) కొత్త జట్టు తరఫున ఆడే అవకాశమూ పోవచ్చు. ఒప్పందంపై సంతకం చేసే ముందే ఈ మూడు విషయాలనూ రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.